గదికో నేల... గడప దగ్గరే మెలిక!

గృహప్రవేశం అయి ఇంకా నెల తిరగలేదు. హాల్లో అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్, పూజగదిలో తెల్లటి మార్బుల్, పడగ్గదిలో చెక్క నేల, వరండాలో గ్రానైట్. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా 'గదికో రకం వేయించారు, భలే ఉంది' అని మెచ్చుకుని వెళ్లారు. ఓ తెల్లవారుజామున ఆ ఇంటి పెద్దావిడ స్నానం చేసి, దీపం పెడదామని పూజగదిలోకి వెళ్తూ తూలి పడింది. చేతిలోని చెంబు దూరంగా దొర్లిపోయింది. తుంటి విరగలేదు, మణికట్టు బెణకడంతో సరిపోయింది. అదృష్టమే!

"ఏం తగిలింది అత్తయ్యా?" అని కోడలు కంగారుగా అడిగితే, "అక్కడేముందే తగలడానికి... నేలే తగిలింది" అందావిడ.

నిజమే, నేలే తగిలింది. పూజగదిలో మార్బుల్ రాయి మందం 2 సెంటీమీటర్లు. హాల్లో టైల్ మందం అందులో సగం. రెండిటి కిందా సిమెంటు మాలు ఒకే ఎత్తున పరిచేశారు. దాంతో గుమ్మం దగ్గర అర అంగుళానికి కాస్త తక్కువగా ఎత్తు తేడా మిగిలిపోయింది. అడుగు ఎత్తు మెట్టయితే కంటికి కనిపిస్తుంది. ఆ కాస్త ఎత్తు కంటికి ఆనదు. కాలి బొటనవేలికి మాత్రం తగులుతుంది.

ఇలాంటి ఇల్లు ఏ కాలనీలోనైనా ఒకటి కనిపిస్తుంది. గదికో రకం నేల వేయించుకోవడంలో తప్పేమీ లేదు. నిజానికి ఇల్లంతా ఒకే టైల్ పరచడం కన్నా అదే తెలివైన పని. కాకపోతే ఏ గదిలో ఏది వేయాలన్న దాని మీద పెట్టే శ్రద్ధలో సగమైనా, ఆ రెండూ కలిసే చోటు మీద పెట్టాలి.

పాత ఇళ్లలోనూ గదికో రకమే!

మండువా లోగిళ్లను గుర్తు చేసుకోండి. వీధి అరుగు మీద నాపరాళ్లు. లోపలి గదుల్లో నున్నటి సున్నపు గచ్చు. వంటింట్లో పేడతో అలికిన మట్టినేల. బావి చప్టా దగ్గర, నీళ్లు పారే పెరట్లో కాలు జారని గరుకు బండలు. అంటే ఎండకు, తడికి, పొయ్యికి, నిద్రకు వేర్వేరు నేలలన్నమాట. ఆ ఇళ్లలో ఒక నేల నుంచి ఇంకో నేలకు వెళ్లాలంటే మధ్యలో గడప ఉండేది. పసుపు రాసి బొట్లు పెట్టిన ఆ చెక్క గడప దగ్గర చంటిపిల్లలు సైతం కాలెత్తి దాటడం నేర్చుకునేవారు. అటూ ఇటూ ఎత్తు తేడా ఎంతున్నా గడప దాన్ని కప్పేసేది.

ఆ తర్వాత ఎర్ర గచ్చు, మొజాయిక్ వచ్చాయి. వాటి వెనకే విట్రిఫైడ్ టైల్స్ వచ్చి, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఇల్లంతా ఒకే నేలయిపోయింది. లోపలి గదులకు గడపలు పెట్టడం మానేశారు. ఇప్పుడు మళ్లీ గదికో రకం కావాలంటున్నారు. నేలలు తిరిగొచ్చాయి కానీ గడపలు తిరిగి రాలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు వాడకం... తర్వాతే అందం

షోరూముకి వెళ్లే ముందు ఇంట్లోనే ఓ కాగితం తీసుకుని గదుల పేర్లు రాయండి. ఒక్కో గదికీ మూడు ప్రశ్నలు. అక్కడ నీళ్లు పడతాయా? నూనె, పులుపు, పసుపు లాంటివి ఒలుకుతాయా? ఎక్కువగా తిరిగేదెవరు... పిల్లలా, మోకాళ్ల నొప్పులున్న పెద్దలా? సగం నిర్ణయం ఆ కాగితం మీదే అయిపోతుంది.

వంటిల్లు: చింతపండు పులుసు, నిమ్మరసం, పెరుగు, ఆవకాయ నూనె... అన్నీ ఒలికే చోటిది. ఇక్కడ మార్బుల్ వద్దు. మార్బులూ సున్నపురాయి జాతిదే కాబట్టి పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చపడుతుంది. కడప, బేతంచెర్ల, తాండూరు, షాబాదు బండలూ సున్నపురాళ్లే. వాటికీ పులుపు పడదు. నీటిని దాదాపుగా పీల్చుకోని విట్రిఫైడ్ టైల్స్‌లో మెరుపు లేని మ్యాట్ రకం వంటింటికి అన్ని విధాలా నయం. గ్రానైట్‌కూ పులుపుతో పేచీ లేదు. కాకపోతే బాగా నున్నగా పాలిష్ చేసిన గ్రానైట్ మీద నూనె పడితే కాలు జారుతుంది.

పూజగది: తెల్లటి మార్బుల్ మీద అందరికీ మోజే. మక్రానా రాయి అనగానే తాజ్‌మహల్ గుర్తొస్తుంది మరి! అయితే కుంకుమ, పసుపు, దీపం నూనె, నిమ్మకాయలు చేరేదీ ఆ గదిలోకే. కింద మార్బుల్ వేసుకున్నా, దీపాలు పెట్టే పీఠం వరకు చీమకుర్తి నల్లరాయి లాంటి గ్రానైట్ పెట్టించుకుంటే మచ్చల బెంగ తగ్గుతుంది.

హాలు: మనుషులు, కుర్చీలు, పిల్లల సైకిళ్లు... రాపిడి ఎక్కువ. విట్రిఫైడ్‌లో డబుల్ చార్జ్ రకంలో రంగు పొర కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు ఉంటుంది. పైన గ్లేజు మీద బొమ్మ ముద్రించిన రకంలో డిజైన్ అంతా పై పూతలోనే ఉంటుంది. కాబట్టి గీత పడితే తేడా తెలిసిపోతుంది. కొనేటప్పుడు టైల్‌ను పక్కకు తిప్పి అంచు చూడండి. పొర ఎంత లోతుందో అక్కడ కనిపిస్తుంది.

పడగ్గదులు: చెక్క నేల వెచ్చగా, మెత్తగా ఉంటుంది. మార్కెట్లో చెక్క నేల పేరుతో దొరికే వాటిలో చాలావరకు లామినేట్ పలకలే. వాటికి నీళ్లంటే పడదు. బకెట్టు నీళ్లు గుమ్మరించి కడిగే అలవాటున్న ఇంట్లో అవి ఉబ్బిపోతాయి. గాల్లో తేమ ఎక్కువుండే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో మరింత జాగ్రత్త అవసరం. రాయలసీమ, తెలంగాణ ఎండలకు పడగ్గదిలో తాండూరు బండకు మించింది లేదని పాతకాలం వాళ్లంటారు. మిట్టమధ్యాహ్నం చాప కూడా లేకుండా ఆ బండ మీద నడుం వాల్చిన వాళ్లకు ఆ సుఖం తెలుసు. అయితే కీళ్ల నొప్పులున్న పెద్దలకు చలికాలంలో ఆ చల్లదనమే ఇబ్బంది. వాళ్ల మంచం పక్కన జారని అడుగున్న చాప పరిస్తే సరిపోతుంది.

స్నానాలగది, బాల్కనీ: ఇక్కడ అందం మాట పక్కన పెట్టండి. కాలు జారకుండా ఉండే యాంటీ స్కిడ్ టైలే వేయించండి. కొన్ని టైల్స్ పెట్టెల మీద 'ఆర్9', 'ఆర్10', 'ఆర్11' అని ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువని అర్థం. అలాంటి గుర్తేమీ లేకపోతే దుకాణంలోనే టైల్ మీద నీళ్లు చల్లించి, చెప్పు విప్పి కాలు పెట్టి చూడండి. మొహమాటం ఎందుకు? పడితే నొప్పి మనకే కదా!

వరండా, కారు పెట్టే చోటు: పాలిష్ రాయి వర్షాకాలంలో జారుడుబల్లే. మంటతో కాల్చి గరుకు చేసిన ఫ్లేమ్ గ్రానైట్ గానీ, పాలిష్ పట్టని బండలు గానీ వేయించుకోవాలి.

మందాల లెక్క

ఇక అసలు విషయం. ఏ గదికి ఏది అన్నది తేలాక మేస్త్రీ చేతికి ఇవ్వాల్సింది రంగుల జాబితా ఒక్కటే అనుకుంటే పొరపాటు. మందాల జాబితా కూడా ఇవ్వాలి.

మార్బుల్, గ్రానైట్ రాళ్లు మామూలుగా 16 నుంచి 20 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. తాండూరు, బేతంచెర్ల బండలు 20 నుంచి 25 వరకు ఉండొచ్చు. విట్రిఫైడ్ టైల్ 8 నుంచి 10. లామినేట్ చెక్క 8 నుంచి 12, దాని కింద పరిచే ఫోమ్ 2 లేదా 3. ఇదంతా పైన కనిపించే సరుకు సంగతి. వాటి కింద పడేదీ ఒక్కోదానికి ఒక్కో రకం. బండలకు అంగుళం, అంగుళంన్నర మాలు కావాలి. జిగురుతో అంటించే టైల్‌కు 3 నుంచి 6 మిల్లీమీటర్లు చాలు. చెక్కకు మాలుతో పనే లేదు. గట్టిగా, సమంగా, పూర్తిగా ఆరిన సిమెంటు నేల ఉండాలంతే.

ఇప్పుడు కూడి చూడండి. ఒక గదిలో 20 మిల్లీమీటర్ల బండ, దాని కింద 30 మిల్లీమీటర్ల మాలు... మొత్తం 50. పక్క గదిలో 10 మిల్లీమీటర్ల టైల్, 5 మిల్లీమీటర్ల జిగురు... మొత్తం 15. తేడా 35 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైమాటే! ఈ లెక్క ముందే తెలిస్తే టైల్ వేసే గదిలో అంత మేర సిమెంటు కాంక్రీటు పోసి ఎత్తు పెంచుకోవచ్చు. బండలు పరిచేశాక తెలిస్తే మాత్రం చేయగలిగింది తక్కువ.

అనుభవమున్న మేస్త్రీలు అందుకే ముందుగా ఇల్లంతా ఒకే మట్టం గీత కొడతారు. నీళ్ల ట్యూబు పట్టుకుని అన్ని గదుల గోడల మీదా నేల నుంచి మూడడుగుల ఎత్తున సమానంగా గీత గీస్తారు. ఆ గీత నుంచి కిందికి కొలిస్తే పూర్తయిన నేల ఎక్కడికి రావాలో ప్రతి గదిలోనూ తెలిసిపోతుంది. పై ఎత్తు ఖాయం. అందులోంచి రాయి మందం, మాలు మందం తీసేస్తే అడుగున ఎంత నింపాలో లెక్క తేలుతుంది. 'తలుపులు పెట్టాక చూద్దాం సార్' అనే మేస్త్రీకి ఈ గీత కొట్టేదాకా పని అప్పగించొద్దు. ఒక పూట పనే అది.

మెట్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. మెట్లన్నీ సమానమైన ఎత్తులో కట్టిస్తారు. తర్వాత కింది హాల్లో బండలు పరిస్తే మొదటి మెట్టు పొట్టిదవుతుంది. పైన టైల్ మందం, మెట్ల మీద రాయి మందం వేరైతే చివరి మెట్టు ఎత్తూ మారిపోతుంది. మెట్లెక్కేటప్పుడు ఎవరూ ప్రతి మెట్టునూ చూడరు, కాలు లెక్క ప్రకారం లేస్తుంది. ఒక్క మెట్టు తేడాగా ఉన్నా అక్కడే తడబడుతుంది. మెట్లు పోసేముందే నేల మందాలు చెప్పాలన్నది అందుకే.

కలిసే గీత ఎక్కడ?

తలుపున్న గది అయితే రెండు నేలలు కలిసే గీత, మూసిన తలుపు రెక్కకు సరిగ్గా కిందికి రావాలి. అప్పుడు తలుపు వేస్తే హాల్లో ఉన్నవాళ్లకు హాలు నేలే కనిపిస్తుంది, గదిలో వాళ్లకు గది నేలే. గీత ఓ రెండంగుళాలు అటో ఇటో జరిగిందంటే మూసిన తలుపు ముందు వేరే రంగు ముక్క అతుకేసినట్టు కనిపిస్తుంది.

తలుపు లేని చోట్ల, అంటే హాలూ భోజనాల గదీ కలిసి ఉన్నప్పుడు, పైన దూలం ఉన్న వరసలోనో, స్తంభం అంచునో గీత కలిపితే కంటికి ఇంపుగా ఉంటుంది. నడిచే దారి మధ్యలో వద్దు. సోఫా సగం ఒక నేల మీద, సగం ఇంకో నేల మీద పడకుండా చూసుకోవాలి.

ఇక ఆ గీత మీద ఏం వేయాలి? రాయికీ టైల్‌కీ మధ్య సన్నటి గ్రానైట్ పట్టీ బాగుంటుంది. దాని పైభాగం రెండు నేలలతో సమంగా ఉండాలి. చెక్క కలిసే చోట లోహపు పట్టీ వేస్తారు. చెక్క పలకలు కాలాన్ని బట్టి కాస్త పెరుగుతాయి, తగ్గుతాయి. అందుకని గోడల దగ్గర, గుమ్మం దగ్గర 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీని సిమెంటుతో పూడ్చేస్తే కొన్నాళ్లకు పలకలు మధ్యలో పైకి లేస్తాయి.

స్నానాలగది దగ్గర మాత్రం ఎత్తు తేడా ఉండి తీరాలి, లేదంటే నీళ్లు బయటికి వచ్చేస్తాయి. అర అంగుళం దిగుడు, లోపల జాలీ వైపు అడుక్కి నాలుగు మిల్లీమీటర్ల వాలు ఉంటే సరిపోతుంది. ఆ దిగుడు అంచున మాత్రం నేల రంగుకు భిన్నంగా ఉండే రాతి పట్టీ పెట్టించండి. తెల్ల టైల్ పక్కన నల్ల పట్టీ ఉంటే చూపు తగ్గిన వాళ్లకూ తెలుస్తుంది. తప్పించలేని ఎత్తు తేడా ఏదైనా ఉంటే ఇదే సూత్రం... దాచొద్దు, కనిపించేలా చేయండి. లేదంటే అంచును ఏటవాలుగా చెక్కించండి.

ఎన్ని రకాలు?

ఇల్లు చిన్నదైతే మూడు రకాలు దాటకపోవడం మంచిది. తడి చోట్లకు ఒకటి, తిరిగే చోట్లకు ఒకటి, పడుకునే చోట్లకు ఒకటి. అంతకు మించితే ఇల్లు టైల్స్ దుకాణంలా కనిపిస్తుంది. రకాలు వేరైనా రంగుల్లో చుట్టరికం ఉండాలి. పసుపు తాండూరు బండ పక్కన లేత గోధుమ రంగు టైల్ ఒదిగిపోతుంది. నీలం బండ పక్కన బూడిద రంగు కుదురుతుంది.

ఖర్చులోనూ ఓ సంగతి ఉంది. రకాలు పెరిగేకొద్దీ కోతలు, వృథా పెరుగుతాయి. ప్రతి రకంలోనూ 5 నుంచి 10 శాతం అదనంగా కొనాల్సిందే. పైగా ఒక్కో రకంలో ఒక పెట్టె దాచి ఉంచుకోవాలి. రేపు ఒక టైల్ పగిలితే అదే రంగు మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. పెట్టె మీద ఉండే బ్యాచ్, షేడ్ నంబర్లు అన్ని పెట్టెల మీదా ఒకటేనా కాదా అన్నది సరుకు దించుకునేటప్పుడే చూసుకోవాలి. దుకాణంలో చదరపు అడుగుకు చెప్పే ధరలో మాలు, కూలీ, రాళ్లకయితే పాలిష్ ఖర్చు కలిసి ఉండవు. అవన్నీ కలిపి పోల్చుకుంటేనే ఏది చవకో, ఏది ఖరీదో తేలేది.

పాత ఇంటికి కొత్త నేల

పాత మొజాయిక్ మీదే కొత్త టైల్ అంటించేయడం ఇప్పుడు మామూలైపోయింది. పాత నేల గుల్లగా మోగకుండా, గట్టిగా ఉంటే వేయొచ్చు. అయితే ఒక గదిలో మాత్రమే వేస్తే ఆ గది అర అంగుళం పైకి లేస్తుంది. తలుపు అడుగున కోయాల్సి వస్తుంది. గుమ్మం దగ్గర మళ్లీ అదే కనిపించని మెట్టు! పైఅంతస్తుల్లో రాయి మీద రాయి పరిస్తే బరువు సంగతీ ఆలోచించాలి. 20 మిల్లీమీటర్ల రాయి చదరపు మీటరుకు 50 కిలోల పైన తూగుతుంది. కింద వేసే మాలు బరువు దానికి అదనం. ఇంజినీరును ఒక్క మాట అడగకుండా ఆ పని మొదలుపెట్టొద్దు.

ఒకే చీపురు... ఒకే యాసిడా?

గదికో నేల ఉన్న ఇంట్లో తుడిచే పద్ధతీ గదికొకటే. స్నానాలగదిలో టైల్స్ కడిగే యాసిడ్ చుక్క మార్బుల్ మీదో, తాండూరు బండ మీదో పడితే నురగలొచ్చి రాయి తినేస్తుంది. చెక్క నేలను గట్టిగా పిండిన గుడ్డతోనే తుడవాలి. రాయికి నీళ్లలో నాలుగు చుక్కల మామూలు సబ్బు ద్రావణం చాలు. పనిమనిషికి ఈ సంగతి మొదటి రోజే విడమరచి చెబితే నేల కలకాలం ఉంటుంది. వానాకాలంలో రాతి నేల చెమ్మగిల్లితే కింద నుంచి నీరూరుతోందని చాలామంది కంగారుపడతారు. చాలాసార్లు అది గాల్లోని తేమ చల్లటి రాయి మీద చేరడమే. ఫ్యాను వేసి పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పోకుండా గోడ అడుగున కూడా చెమ్మ కనిపిస్తుంటే అప్పుడు మేస్త్రీని పిలవాలి.

మేస్త్రీ వెళ్లేలోపు...

పని పూర్తయింది, లెక్క చూడమని మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. డబ్బు చేతికిచ్చే ముందు రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి, ప్రతి గుమ్మం దగ్గరా ఒక రూపాయి బిళ్లను నేల మీద పడుకోబెట్టి వేలితో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు జరపండి. ఎక్కడ అడ్డు తగిలి ఆగిందో అక్కడే కాలూ ఆగుతుంది. ఆ చోటు సరిచేయించండి. రెండోది ఇంకా తేలిక. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను ఒకసారి ఇల్లంతా చెప్పుల్లేకుండా నడిచి చూడమనండి. పక్కనే మీరూ ఉండండి. వాళ్ల పాదం చెప్పినంత కచ్చితంగా ఏ రసమట్టమూ చెప్పదు.

ఆ పూజగది ఇంట్లోనూ చివరకు అదే చేశారు. మార్బుల్ అంచును మిషనుతో ఏటవాలుగా అరగదీయించి, హాలు వైపు ఓ నల్ల గ్రానైట్ పట్టీ వేయించారు. ఒక్క రోజు పని. పెద్దావిడ కట్టు విప్పిన మణికట్టుతో దాని మీద పసుపు రాసి, మూడు బొట్లు పెట్టింది.

"ఇదేంటి అత్తయ్యా, ఇది గడప కాదుగా?" అంది కోడలు నవ్వుతూ.

"కాకపోతే ఏమే... ఇప్పుడు కనిపిస్తోందిగా!" అందావిడ.